రాడార్ యంత్రమా, దాని వెనక వ్యవస్థా? రెండో ప్రపంచ యుద్ధంలో ఏది గెలిపించింది?

తీగల మేస్త్రి:
1940 నాటి బ్రిటన్ గగనతల పోరు మాట వస్తే చాలు, రాడార్ వల్లే ఆ దేశం బతికింది అంటారు. నేను ఒప్పుకోను. అప్పటికి జర్మనీ రాడార్లే మెరుగు. తరంగం ఎంత పొట్టిదైతే రాడార్ చూపు అంత నిశితం. వాళ్ల ఫ్రేయా రాడార్ సుమారు 2.4 మీటర్ల తరంగంతో పనిచేసేది. బ్రిటన్ తీరం వెంట నిలబెట్టిన చెయిన్ హోమ్ రాడార్ టవర్లది పది మీటర్లకు పైనే. విమానం ఎంత ఎత్తులో వస్తోందో అవి సరిగా చెప్పలేకపోయేవి. పైగా అవి చూసేది సముద్రం వైపే. తీరం దాటి లోపలికొచ్చిన విమానాలను అబ్జర్వర్ కోర్ అనే కాపలాదారుల దళం వాళ్లు కళ్లతో చూసి, చెవులతో విని చెప్పాల్సిందే.

మరి గెలిపించిందేమిటి? నా లెక్కలో టెలిఫోన్ లైన్లు. ఎక్స్ఛేంజీలో పనిచేసి రిటైరైనవాణ్ని, అందుకే ఈ భాగం చదివితే నాకు ఒళ్లు పులకరిస్తుంది. రాడార్ స్టేషన్లన్నీ బ్రిటన్ ఫైటర్ దళాల ప్రధాన కేంద్రమైన బెంట్లీ ప్రయరీలోని ఫిల్టర్ రూముకి ఫోన్ చేసేవి. ఒకే దండును మూడు స్టేషన్లు మూడు చోట్ల చూపిస్తే, అసలు ఎక్కడుందో తేల్చేది అక్కడే. తేలిన కబురు ఒక్కో ప్రాంతాన్ని చూసుకునే గ్రూపులకు, వాటి కింది సెక్టార్ స్టేషన్లకు, ఆపైన రేడియోలో పైలట్లకు నిమిషాల్లో చేరేది. దాంతో పైలట్లు పెట్రోలు తగలేస్తూ రోజంతా గాల్లో కాపలా తిరిగే పని తప్పింది. ఫైటర్ దళాల అధిపతి డౌడింగ్ ఈ ఏర్పాటంతా యుద్ధం ముంచుకు రాకముందే చేసి పెట్టాడు. బిగ్గిన్ హిల్ వైమానిక స్థావరం మీద బాంబులు పడుతున్నా డ్యూటీ వదలని ముగ్గురు మహిళలకు మిలిటరీ మెడల్ ఇచ్చారు. రాడార్ గొప్పతనం రాసేవాళ్లు వాళ్లను తలుచుకోరు.

ఈసీఈ కుర్రాడు:
సర్, 1940 వరకు మీ మాట ఒప్పుకుంటాను. కానీ యుద్ధం 1945 దాకా సాగింది. 1940 ఫిబ్రవరిలో బర్మింగ్‌హామ్ యూనివర్సిటీలో రాండాల్, బూట్ అనే శాస్త్రవేత్తలు కలిసి క్యావిటీ మాగ్నెట్రాన్ అనే పొట్టి తరంగాలు పుట్టించే గొట్టాన్ని నడిపించారు. పది సెంటీమీటర్ల తరంగం, అదీ వందల వాట్ల శక్తితో! తరంగం పొట్టిదైతే చిన్న యాంటెన్నాతోనే సన్నటి కిరణం వస్తుంది కాబట్టి రాడార్ విమానంలో ఇమిడిపోయింది. సెప్టెంబరులో బ్రిటన్ శాస్త్రవేత్త టిజార్డ్ బృందం దాన్ని అమెరికాకు పట్టుకెళ్లింది. అక్కడి ఎంఐటీ విద్యాసంస్థలో రాడార్ పరిశోధనకు రేడియేషన్ ల్యాబ్ పుట్టింది.

జర్మన్ యూబోట్లు, అంటే జలాంతర్గాములు, బ్యాటరీలు చార్జ్ చేసుకోవడానికి రాత్రిపూట పైకి తేలేవి. విమానాల రాడార్ వాటిని అప్పుడే పట్టేది. వాటిలో ఉన్న మెటాక్స్ రిసీవర్ పాత మీటరున్నర తరంగం రాడార్‌ను పసిగట్టేది కానీ, పది సెంటీమీటర్లది దానికి వినపడదు. 1943 మే నెలలో 40కి పైగా యూబోట్లు మునిగాయి. 24న జర్మన్ నౌకాదళాధిపతి డోనిట్జ్ ఉత్తర అట్లాంటిక్ నుంచి వాటిని వెనక్కి పిలిచాడు. ఎన్ని టెలిఫోన్లు కలిపితే మాత్రం ఈ పని అయ్యేది చెప్పండి?

తీగల మేస్త్రి:
ఆ మే నెల ఘనత మాగ్నెట్రాన్ ఒక్కదానికే ఇస్తే ఎలా బాబూ? జర్మన్ల ఎనిగ్మా యంత్రపు రహస్య సంకేతాలు చదివినవాళ్లు, యూబోట్ రేడియో మాట్లాడితే అది ఏ దిక్కో పట్టేసే హఫ్ డఫ్, నడిసముద్రం దాకా వెళ్లగలిగిన లిబరేటర్ విమానాలు, రవాణా నౌకలకు కాపలాగా విమానాలు మోసుకెళ్లే ఎస్కార్ట్ క్యారియర్లు, అన్నీ కలిసొచ్చాయి.

విశాఖ వాసి:
1942 ఏప్రిల్ 6న మా ఊరి మీదా, కాకినాడ మీదా జపాన్ బాంబులు పడ్డాయి. అప్పట్నుంచి మా ఇంట్లో ఈ యుద్ధం మాటలు నడుస్తూనే ఉన్నాయి. మేస్త్రి గారి వైపే నా ఓటు. హవాయిలోని అమెరికా నౌకాస్థావరం పెర్ల్ హార్బర్ మీద జపాన్ దాడి చూడండి. 1941 డిసెంబరు 7 ఉదయం 7:02కి అక్కడి ఒపానా రాడార్ మీద ఇద్దరు అమెరికా సైనికులు 130 మైళ్లకు పైగా దూరంలోనే పెద్ద దండును చూశారు, ఫోన్ కూడా చేశారు. అందుకున్న యువ అధికారికి ఆ పని కొత్త. కాలిఫోర్నియా నుంచి రావాల్సిన తమ బీ-17 బాంబర్లే అనుకుని పట్టించుకోవద్దన్నాడు. యంత్రం తన పని తాను చేసింది. ఆ కబురును ఏం చేయాలో తేల్చే ఏర్పాటే అక్కడ లేదు.

ఈసీఈ కుర్రాడు:
అయితే హాంబర్గ్ సంగతేంటండీ? బ్రిటన్ బాంబర్లను రాత్రిపూట అడ్డుకునే జర్మన్ల రాడార్ రక్షణ వరుస కామ్‌హూబర్ లైన్ ఎంత పకడ్బందీ వ్యవస్థ! ఒక్కో గడికి ఒక్కో ఫైటర్, కింద నుంచి దారి చూపే కంట్రోలర్. 1943 జులై 24 రాత్రి హాంబర్గ్ నగరం మీదికి వెళ్లిన బ్రిటన్ బాంబర్లు అల్యూమినియం పూసిన కాగితపు ముక్కలు వెదజల్లాయి. జర్మన్ల వుర్జ్‌బర్గ్ రాడార్ల తెరల నిండా దొంగ చుక్కలే. దాదాపు 800 బాంబర్లు వెళితే 12 మాత్రమే కూలాయి. కళ్లు పోయాక వ్యవస్థ ఎంత బాగుంటే ఏం లాభం?

తీగల మేస్త్రి:
నువ్వు చెప్పిన రాత్రి నిజమే. తర్వాత జరిగింది కూడా చూడు. జర్మన్లు గడుల పద్ధతి వదిలేసి, ఫైటర్లను గుంపుగా బాంబర్ల వరుసలోకే పంపే పద్ధతి పట్టారు. 1944 మార్చి 30 రాత్రి నూరెంబర్గ్ దాడిలో బ్రిటన్ 95 బాంబర్లు పోగొట్టుకుంది. హాంబర్గ్ జరిగి ఎనిమిది నెలలే అయింది అప్పటికి. పని చేసే తీరు మార్చుకునే కోలుకున్నారు.

ఈసీఈ కుర్రాడు:
ఆ ఫైటర్ల ముక్కుకు అప్పుడు ఏముందో కూడా చెప్పాలి కదా సర్. ఎస్‌ఎన్-2 రాడార్, తరంగం మూడు మీటర్లకు పైన. వుర్జ్‌బర్గ్ తరంగం కొలతకు కత్తిరించిన కాగితం ముక్కలు దాన్ని మోసం చేయలేకపోయాయి. కొత్త పెట్టె రాకపోతే ఆ కొత్త పద్ధతి చీకట్లో ఎంత దూరం నడిచేది?