పెద్దాయన మాటల్ని ఎంత వరకు రాయాలి?

ప్రశ్న (గుంటూరు అమ్మాయి, బీఏఎస్‌ఎల్‌పీ అనే మాట-వినికిడి చికిత్స డిగ్రీ మూడో సంవత్సరం, హైదరాబాద్)

పక్షవాతం వచ్చాక మాట దొరక్క ఇబ్బంది పడుతున్న ఒక పెద్దాయన, ఆయన భార్య ఇంట్లో మాట్లాడుకుంటుంటే, వాళ్ళ అనుమతితో నాలుగు నిమిషాల వీడియో తీశాను. రాయడానికి ఐదు గంటలు పట్టింది. మా మేడమ్ చదివి, "ఇందులో ఆయన ఎక్కడమ్మా?" అని తిరిగిచ్చేశారు. నేను రాసింది ఇదీ:

ఆయన: గ్లాసు ఇవ్వు.
ఆమె: ఇదిగో.

నిజానికి ఆయన "అదీ... ఆఁ... అదే, నీళ్ళ..." అంటూ చెయ్యి నోటి దగ్గరికి తెచ్చారు. ఆమె "గిలాసనా?" అంది. "ఆ, గిలాస" అన్నారు. చదివేవాళ్ళకు అర్థం కావాలని శుభ్రం చేసి రాశాను. ప్రతి ఊఁ, ఆఁ రాస్తూ పోతే ఎక్కడ ఆపాలి? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు (అఫేజియా, అంటే మెదడు దెబ్బతిని మాట దొరక్కపోవడం, ఉన్నవాళ్ళతో ఆరేళ్ళుగా పని)

చెల్లీ, నువ్వు తీసేసిందే అసలు కేసు. ఆయన వెతుక్కున్నారు, చేత్తో చూపించారు, ఆమె అందించింది, ఆయన ఒప్పుకున్నారు. ఆ మాట ఇద్దరూ కలిసి పుట్టించింది. నీ కాగితం చూస్తే ఆయన ఒక్కరే వాక్యం చెప్పగలరనిపిస్తుంది. సంభాషణను విన్నది విన్నట్టు రాయడానికి గెయిల్ జెఫర్సన్ అనే పరిశోధకురాలు రూపొందించిన గుర్తులతో రాసి చూడు:

ఆయన: అదీ:: (0.8) ఆఁ (1.2) అదే నీళ్ళ- ((ఎడమచెయ్యి నోటి దగ్గరికి))
ఆమె: గిలాస[నా?
ఆయన: [ఆ గిలాస

అంకెలు ఆగిన సెకన్లు. అడ్డగీత ఉన్నచోట మాట తెగింది. చదరపు బ్రాకెట్ దగ్గర ఇద్దరి మాటా ఒకదాని మీద ఒకటి పడింది. జంట చుక్కలు సాగదీత; విసర్గ అనుకోకుండా పైన ఒక ముక్క రాసిపెట్టు. నాలుగు నిమిషాలూ ఇంత వివరంగా అక్కర్లేదు. మొత్తం మామూలుగా రాసుకుని, మాట చిక్కుపడిన చోట ముప్పై, నలభై సెకన్లు మాత్రం ఇలా రాయి.

జవాబు (కరీంనగర్)

ఆయన అన్నది గిలాస, మీరు రాసింది గ్లాసు. దయచేసి అలా మార్చకండి. మా వైపు గిలాసే అంటాం. "అచ్చిండు" (వచ్చాడు) అన్న ఒక పెద్దమనిషికి 'వ' పలకడం లేదని రాసిన రిపోర్టు చూసి నాకు చాలా బాధేసింది. జబ్బు రాకముందు కూడా ఆయన అలాగే అనేవారు. ఏది యాస, ఏది లోపం అన్నది ఇంట్లోవాళ్ళ మాట విన్నాకే తేల్చాలి.

సెకన్లు కొలవడానికి ప్రాట్ అనే ధ్వని విశ్లేషణ సాఫ్ట్‌వేర్ చాలు. చూపు, చేతులు కూడా రాయాలంటే వీడియో చూస్తూ రాసుకునే ఎలాన్ అనే సాఫ్ట్‌వేర్ వాడండి, మనిషికో వరుస పెట్టుకోవచ్చు. రెండూ ఉచితమే.

ప్రశ్న వేసిన అమ్మాయి

రాత్రి మళ్ళీ మొదటి నుంచీ విన్నాను అక్కా. ఒకచోట ఆమె చేతిలో పని ఉండి మాట అందించలేదు. 3.1 సెకన్లు ఇద్దరూ మాట్లాడలేదు. తర్వాత ఆయనే "సం- సంచి" అన్నారు. మొదటిసారి నేను ఆ నిశ్శబ్దాన్ని రాయనే లేదు.

ఈ రెండు ముక్కలూ ఆమెకు చూపించాలనుంది. ఇన్నాళ్ళూ ఆయనకు మాట అందిస్తూ వచ్చిన మనిషి. తప్పు పడుతున్నానని నొచ్చుకోకుండా ఎలా మొదలుపెట్టాలి? మీలో ఎవరైనా ఇలా చూపించారా?