అంతరిక్షంలో ఏడుపు సీను ఎలా రాయాలి?

మార్స్‌కి చేరబోతున్న నౌకలో ఒకమ్మాయి, ఇక్కడ ఆసుపత్రి మంచం మీద వాళ్ల నాన్న, ఇదీ నా కథ. ఇద్దరూ మాట్లాడుకుంటూ బోరున ఏడ్చే క్లైమాక్స్ రాసేశాక తట్టింది, అంత దూరంలో మాటకు మాట కుదరదు కదా! దూరాన్ని బట్టి సిగ్నల్ ఒకవైపు రావడానికే 3 నుంచి 22 నిమిషాలు. పైగా అక్కడ కన్నీళ్లు చెంప మీదికి జారవు, కంటికే బుడగలా అతుక్కుంటాయి (2013లో వ్యోమగామి క్రిస్ హాడ్‌ఫీల్డ్ కంట్లో నీళ్లు పోసుకుని మరీ చూపించారు). ఉన్నదున్నట్టు రాస్తే మా తమ్ముడు "పాఠంలా ఉందక్కా" అన్నాడు, వదిలేస్తే టీవీ సీరియలే. నాన్న "అన్నం తిన్నావా" అని అడిగి, జవాబు వచ్చేలోపు నిద్రపోతే చాలా, లేక మరీ చప్పగా ఉంటుందా? ఇలాంటివి రాసినవాళ్లు ఎవరైనా ఉంటే కాస్త చెప్పండి.