వారసులు లేని మమ్మీల తరఫున ఎవరు మాట్లాడాలి?

నమస్కారం. మ్యూజియంలలో మానవ అవశేషాల ప్రదర్శన మీద డిగ్రీ విద్యార్థులతో చర్చ నడపాలి. ఒక చోట ఆగిపోయాను, కాస్త సాయం చేయండి.

చార్లెస్ బర్న్ విషయంలో నాకు సందేహమే లేదు. ఏడున్నర అడుగులు దాటిన ఈ ఐర్లండ్ మనిషి, తన శవం డాక్టర్ల చేతికి చిక్కకుండా సముద్రంలో వదిలేయమని కోరాడు. 1783లో చనిపోయాక జాన్ హంటర్ అనే సర్జన్ దాన్ని సంపాదించాడు. ఆ అస్థిపంజరం రెండు శతాబ్దాలకు పైగా సందర్శకుల ముందే ఉంది. లండన్‌లోని హంటేరియన్ మ్యూజియం 2023లో ప్రదర్శన నుంచి తీసేసింది గానీ, పరిశోధన కోసమని దాచే ఉంచింది. ఆయన కోరిక తీర్చడానికి ఇంకా ఏం అడ్డమో నాకు అర్థం కాదు. బతికుండగా యూరప్‌లో జనం ముందు ప్రదర్శనకు పెట్టి, చనిపోయాక అవశేషాలను మ్యూజియంలో ఉంచిన ఆఫ్రికా మహిళ సారా బార్ట్‌మన్ సంగతీ ఇలాంటిదే. ఆమె 1815లో పారిస్‌లో చనిపోతే, సొంత దేశం దక్షిణాఫ్రికాలో ఖననం జరిగింది 2002లో!

చిక్కల్లా ఈజిప్టు మమ్మీలతోనే. తిరిగి ఇమ్మని అడిగే వారసులు లేరు. వాళ్ళు కోరుకున్నది శరీరం చెడకూడదని, పేరు నిలవాలని. జనం చూడాలని మాత్రం కాదు. ఇంగ్లండ్‌లో అమలయ్యే 2004 నాటి చట్టం ప్రకారం, చనిపోయి వందేళ్ళు దాటితే ప్రదర్శనకు అనుమతి అక్కర్లేదు. వందేళ్ళకు మనిషి వస్తువైపోతాడా?

ఇప్పుడు సీటీ స్కాన్‌తో కట్లు విప్పకుండానే లోపలంతా కనబడుతుంది. ఆ బొమ్మలు పెట్టి, శరీరాన్ని మూసిన పేటికలోనే ఉంచితే చాలదా? ఎదురుగా చూస్తేనే గౌరవం కలుగుతుందనే వాదనలో బలముందా? మ్యూజియంలలో పనిచేసినవారు, పురావస్తు శాస్త్రం చదివినవారు దయచేసి చెప్పండి. ముఖ్యంగా, అద్దం పక్కన పెట్టే పలక మీద ఆ మనిషి గురించి ఏం రాస్తే బాగుంటుంది?