ఆర్గ్ మోడ్ క్లాక్: బ్రౌజర్‌లో పని చేస్తున్నా ఖాళీగా ఉన్నానంటోంది

బెంగళూరులో గంటల లెక్కన బిల్లు వేసే పని నాది, టాస్కులూ టైమూ అన్నీ ఈమ్యాక్స్ ఎడిటర్‌లోని ఆర్గ్ మోడ్‌లో (నోట్సు, టాస్కులు, పని గంటలు రాసుకునే భాగం) ఒకే ఫైల్లో రాసుకుంటాను. ఎంతసేపు కదలిక లేకపోతే ఖాళీగా ఉన్నట్టు లెక్కించాలో చెప్పే ఆర్గ్-క్లాక్-ఐడిల్-టైమ్ 10 నిమిషాలు పెట్టా. క్లాక్ ఆన్ చేసి బ్రౌజర్‌లో డాక్యుమెంట్లు చదువుతుంటే, అది కూడా పనే కదా, తిరిగొచ్చేసరికి ఈ టైమ్ ఉంచాలా తీసేయాలా అని అడుగుతోంది.

ఉబుంటు 24.04, వేలాండ్ సెషన్ (లైనక్స్‌లో కొత్త డిస్‌ప్లే వ్యవస్థ), ఈమ్యాక్స్ 29.3 పీజీటీకే బిల్డ్ (వేలాండ్‌లో నేరుగా నడిచేది). కీబోర్డు, మౌస్ ఎంతసేపుగా కదల్లేదో చెప్పే ఎక్స్‌ప్రింట్‌ఐడిల్ ప్రోగ్రామ్ ఇన్‌స్టాల్ చేసి, ఆర్గ్-క్లాక్-ఎక్స్11ఐడిల్-ప్రోగ్రామ్-నేమ్‌లో దాని పేరే ఇచ్చా, ఏం మారలేదు. పాత డిస్‌ప్లే వ్యవస్థ ఎక్స్11 సెషన్‌లో మామూలు జీటీకే బిల్డ్‌తో లెక్క సరిగ్గానే వస్తోంది గానీ రెండో మానిటర్‌లో అక్షరాలు మసక, రోజంతా అలా చూడటం నావల్ల కాదు. ఐడిల్ టైమ్ పూర్తిగా తీసేస్తే టీకి కిందికెళ్లినా క్లాక్ తిరుగుతూనే ఉంటుంది, ఆ టైమంతా క్లాక్‌టేబుల్‌లో (ఆర్గ్ వేసే పని గంటల పట్టికలో) కలిసిపోతుంది.

వేలాండ్‌లోనే ఉంటూ, ఈమ్యాక్స్ ఒక్కదానిది కాకుండా మొత్తం డెస్క్‌టాప్ ఐడిల్ టైమ్‌ను ఆర్గ్‌కి అందేలా ఎలా సెట్ చేయాలి?