అప్‌డేట్: సైదులు పేరు సంగతి

బాబుకు తాత పేరు ‘సైదులు’ పెడదామంటే, అది ఎక్కడిది, ఎట్ల రాయాలని అడిగిన కదా. తేలింది ఇది.

మూలం అరబీ ‘సయ్యద్’, అంటే ప్రభువు. చివరి ‘లు’ మన గౌరవం, రాములు, వెంకటేశ్వర్లు లెక్క. పాలకీడు మండలం జాన్‌పహాడ్ దర్గాకు మొక్కుకొని కన్న పిల్లలకు హిందువులు కూడా పెట్టుకుంటరు. సైదయ్య, సైదమ్మ, సైదిరెడ్డి అట్ల వచ్చినవే. మతం అడ్డురాని ఇంత మంచి పేరు పాతబడొద్దు.

చిక్కంతా ఇంగ్లిష్ స్పెల్లింగ్‌తోనే. కొందరు ‘ఎస్, ఏ, ఐ’, కొందరు ‘ఎస్, వై’ అని మొదలుపెడతరు. జనన ధ్రువపత్రంలో ఏదుంటే ఆధార్‌లో, బడిలో అదే ఉండాలె. పేరు లేకుండ నమోదైతే 12 నెలల్లోపు ఉచితంగ చేర్పించొచ్చు, తర్వాత 15 ఏండ్ల దాక ఆలస్య రుసుముతో. మేం ‘ఎస్, ఏ, ఐ’ ఖాయం చేసినం.