విమానాశ్రయ పబ్బులో భోజనం: గ్లాసులు లెక్కపెట్టాలా, చట్టాన్ని లోపలికి తేవాలా?

చర్చాంశం
బ్రిటన్ విమానాశ్రయాల్లో ఒక్కో ప్రయాణికుడికి రెండు మద్యం డ్రింకులకు మించి అమ్మకూడదని, బోర్డింగ్ పాసు చూసి లెక్క తేల్చాలని ర్యానెయిర్ విమానయాన సంస్థ అధిపతి మైకేల్ ఓలియరీ 2024 ఆగస్టులో కోరారు. విమానం ఎక్కేముందు పబ్బులో కూర్చుని తినే సభ్యులూ, అక్కడి గోల చూసి చిరాకుపడే సభ్యులూ మనలో ఉన్నారు కనుక, ఈ పరిమితి సబబా కాదా అన్నదానిపై అభిప్రాయాలు తెలుపగలరు.

మాంచెస్టర్ సభ్యురాలు
నేను పరిమితిని పూర్తిగా సమర్థిస్తున్నాను. వేసవి సెలవుల్లో పెళ్లికి ముందు విహారానికి బయలుదేరిన స్నేహితుల బృందాలు ఒకే రంగు టీషర్టులు వేసుకుని, పొద్దు పొడవకముందే బీరు గ్లాసులు వరసగా పెట్టుకుని కూర్చుంటాయి. తాగినవాడు రోడ్డు మీద గొడవ చేస్తే పక్కకు తప్పుకోవచ్చు. ఆకాశంలో తప్పుకోవడానికి చోటు లేదు, పోలీసులు వచ్చే వీలు లేదు, ఆ భారమంతా కొద్దిమంది సిబ్బంది మీదే పడుతుంది. విమానంలో తాగి ఉండటమే రెండేళ్ల వరకు జైలు పడదగిన నేరమని బ్రిటన్ నిబంధనలు చెబుతున్నప్పుడు, ఆ నేరాన్ని మొదలయ్యే చోటే ఆపడం తప్పెలా అవుతుంది?

లండన్ సభ్యుడు
మాంచెస్టర్ సభ్యురాలి ఆవేదన న్యాయమైనదే. ఆవిడ కోరుతున్న పరిష్కారంతోనే నేను ఏకీభవించలేను. పబ్బులో కూర్చునేవారంతా తాగడానికే వస్తారనుకోవడం సరికాదు. అమ్మానాన్నలతో కలిసి హైదరాబాద్ బయలుదేరినప్పుడల్లా, భద్రతా తనిఖీ దాటాక మేము వెతికేది నలుగురం ఒకే బల్ల చుట్టూ కూర్చుని వేడివేడిగా తినగలిగే చోటు కోసం. లాంజ్ పాసు లేనివారికి చాలాసార్లు అటువంటి చోటు పబ్బే. బల్ల మీది నంబరును ఫోన్‌లో కొడితే వేయించిన గుడ్లు, పుట్టగొడుగులు, టమాటా సాసులో ఉడికించిన చిక్కుడు గింజలు, టోస్టు బల్ల దగ్గరికే వస్తాయి. నాన్నగారు ఆ గింజల మీద మిరియాల పొడి ధారాళంగా చల్లుకుని, ఇక టీ ఎప్పుడొస్తుందని అడుగుతారు.

అసలు లోపం చట్టంలో ఉంది. 2003 నాటి లైసెన్సింగ్ చట్టం ఇంగ్లండ్, వేల్స్‌లలోని ఊరి పబ్బులను స్థానిక కౌన్సిల్ అదుపులో ఉంచుతుంది. మత్తులో ఉన్నవాడికి తెలిసి అమ్మితే నేరం, అడిగినవారికి మంచినీళ్లు ఉచితంగా ఇవ్వాలి, గొడవలు పెరిగితే పోలీసులు లైసెన్సుపై సమీక్ష కోరవచ్చు. తనిఖీ దాటిన తర్వాత ఉండే పబ్బులకు మాత్రం అదే చట్టంలోని 173వ సెక్షన్ మినహాయింపు ఇచ్చింది కాబట్టి, తెల్లవారుజామున మద్యం అమ్మడానికి వాటికి ఏ కౌన్సిల్ అనుమతీ అక్కరలేదు. బ్రిటన్ పార్లమెంటు ఎగువ సభ అయిన హౌస్ ఆఫ్ లార్డ్స్ కమిటీ 2017లోనే ఈ మినహాయింపును తీసేయమని సిఫార్సు చేసింది, ప్రభుత్వం మరుసటి ఏడాది అభిప్రాయాలు సేకరించింది, అయినా ఓలియరీ ఆ మాట అన్న నాటికీ అది చెక్కుచెదరలేదు. నాకు కోపం తెప్పించేది ఈ జాప్యమే.

రెండు డ్రింకుల లెక్క ఇంటి దగ్గరే తాగి వచ్చినవాణ్ని పట్టుకోలేదు, డ్యూటీఫ్రీ సీసాను గేటు దగ్గర మూత తీసేవాణ్నీ ఆపలేదు. పైగా ఈ పరిమితి కోరుతున్న సంస్థే తన విమానాల్లో మద్యం అమ్ముతుంది.

బర్మింగ్‌హామ్ సభ్యురాలు
అంత ఖర్చు పెట్టి పబ్బులో కూర్చోవడం దేనికో నాకు అర్థం కాదు. పులిహోర డబ్బాను భద్రతా తనిఖీలో ఎవరూ ఆపరు. పెరుగు, పచ్చడి మాత్రం ద్రవపదార్థాల కింద లెక్క వేస్తారు కనుక ఆ విమానాశ్రయం ఎంత వరకు అనుమతిస్తుందో ముందే చూసుకోవాలి. శాకాహారులకు ఒక్క మాట: చాలా పబ్బుల్లో బంగాళాదుంప చిప్స్‌ను చేపలు వేయించిన నూనెలోనే వేయిస్తారు, కాబట్టి ఆర్డరు చెప్పేముందు అడగండి. హీత్రో ఐదో టెర్మినల్‌లో బి, సి గేట్ల నుంచి ఎక్కేవారు భూగర్భ రైల్లో వెళ్లాలి, కనుక ఆ సమయం మిగుల్చుకుని లేవండి.

మాంచెస్టర్ సభ్యురాలు
173వ సెక్షన్ సంగతి విన్నాక, ఆ మినహాయింపు పోవాలన్న మాట నేనూ ఒప్పుకుంటున్నాను. అయితే లైసెన్సు వచ్చినంత మాత్రాన అమలు దానంతట అది జరగదు. ఊళ్లో పబ్బుకు పక్కింటివాళ్లు ఉంటారు, వాళ్లు కౌన్సిల్‌కు ఫిర్యాదు చేస్తారు. విమానాశ్రయంలో ఆ గోల భరించినవారంతా గంటలో మరో దేశానికి ఎగిరిపోతారు. ఫిర్యాదు చేసేదెవరు, కౌంటర్ వెనుక నిలబడ్డ కుర్రవాడు పదిమంది బృందానికి ఇక పోయనని ఏ ధైర్యంతో చెబుతాడు? బోర్డింగ్ పాసు లెక్క ఉంటే ఆ మాట అతను తన నోటితో చెప్పనక్కరలేదు, యంత్రమే చెబుతుంది. అందుకే నాకు రెండూ కావాలి.