హెచ్ పైలోరీ టెస్టు: పాన్ 40 వేసుకుంటూనే శాంపిల్ ఇవ్వొచ్చా?

మారతహళ్లి పీజీ:
మా తమ్ముడికి 29 ఏళ్లు. రెండు నెలలుగా పొట్ట పైభాగంలో మంట, పుల్లటి తేన్పులు. రోజూ టిఫిన్ చేశాక పాన్ 40 (ఆమ్లం తగ్గించే పాంటోప్రజోల్ మాత్ర) వేసుకుంటున్నాడు. ఎండోస్కోపీ ఇప్పుడే అక్కర్లేదు, పొట్టలో చేరే హెచ్ పైలోరీ అనే క్రిమి ఉందేమో చూడ్డానికి స్టూల్ యాంటిజెన్ (మలంలో ఆ క్రిమి ఆనవాళ్లు వెతికే టెస్టు) చేయిద్దాం అన్నారు డాక్టరు గారు. ల్యాబ్‌వాళ్లేమో ఇవాళే శాంపిల్ తెమ్మంటున్నారు. ఇచ్చేయమంటారా? ఊళ్లో అమ్మావాళ్లు రక్తపరీక్ష చాలు కదా అంటున్నారు. పాజిటివ్ వస్తే కోర్సు ఎన్నాళ్లు?

మందులషాపు:
ఇవాళ ఇవ్వకండి. పాంటోప్రజోల్, రాబెప్రజోల్, ఏ ప్రజోలైనా సరే, 2 వారాలు ఆపాకే టెస్టు. ఈమధ్య యాంటీబయాటిక్ గానీ బిస్మత్ (పొట్టకు వాడే ఒక మందు) గానీ వాడి ఉంటే 4 వారాలు ఆగాలి. మాత్ర వల్ల క్రిములు తగ్గుతాయి, పూర్తిగా పోవు. రిపోర్టు మాత్రం నెగెటివ్ అని వస్తుంది. మాత్ర మీద ఉండగా పాజిటివ్ వస్తే నమ్మొచ్చు, నెగెటివ్ వస్తే నమ్మడానికి లేదు.

ఆపిన కొత్తలో మంట ఎగదన్నుతుంది, చాలామంది అక్కడే ఓడిపోయి మళ్లీ మాత్ర అందుకుంటారు. ఆ రెండు వారాలూ జెల్యూసిల్, డైజీన్ లాంటివాటితో నెట్టుకురావచ్చు.

రక్తపరీక్షలో యాంటీబాడీలు కనిపిస్తాయి. క్రిమి పోయినా అవి నెలల తరబడి ఉంటాయి కాబట్టి, ఇప్పుడు ఉందో లేదో దాంతో తెలీదు.

గ్యాస్ట్రో వార్డు:
పై మాటలన్నీ సరైనవే, కానీ అసలు తప్పు టిఫిన్ దగ్గరుంది. దర్శినిలో నిలబడి ఇడ్లీ తిని, ఆపైన మాత్ర మింగితే సగం మందు దండగ. ప్రజోల్ పనిచేసేది పొట్ట గోడలో ఆమ్లం పంపుతున్న పంపుల మీదే. వాటిని లేపేది తిండి. మందు రక్తంలో ఉండేదేమో కొద్ది గంటలే. అందుకే పరగడుపున, తిండికి 30 నుంచి 60 నిమిషాల ముందు. నమలకూడదు, విరగ్గొట్టకూడదు.

పాజిటివ్ వస్తే కోర్సు 14 రోజులు. పాత పద్ధతిలో ప్రజోల్, అమాక్సిసిలిన్ 1 గ్రాము, క్లారిత్రోమైసిన్ 500 మిల్లీగ్రాములు, మూడూ రోజుకు రెండుసార్లు. మన దేశంలో క్లారిత్రోకు లొంగని క్రిములు ఎక్కువ. అమెరికన్ గ్యాస్ట్రో కాలేజీ 2024 మార్గదర్శకాలు కూడా ముందుగా బిస్మత్, టెట్రాసైక్లిన్, మెట్రోనిడజోల్, ప్రజోల్ కలిపిన నాలుగు మందుల కోర్సే ఇవ్వమన్నాయి. ఏది ఇవ్వాలో మీ డాక్టరే తేల్చాలి. పెన్సిలిన్ పడకపోతే ముందే చెప్పండి.

క్లారిత్రో రాస్తే ఇంట్లో మిగిలిన పాన్-డి జోలికి పోవద్దు. అందులో డామ్‌పెరిడోన్ ఉంటుంది, రెండూ కలిస్తే గుండె లయ దెబ్బతినొచ్చు.

మందులషాపు:
టెట్రాసైక్లిన్‌ను పాలతో, పెరుగన్నంతో మింగితే కాల్షియం దాన్ని పట్టేసుకుంటుంది, ఒంటికి పట్టదు. రెండు గంటల ఎడం ఉండాలి. మెట్రోనిడజోల్‌తో నోరు చేదు, మందు పార్టీ బంద్. బిస్మత్‌తో విరేచనం, నాలుక నల్లబడతాయి, కంగారు పడక్కర్లేదు. బిస్మత్ వాడకుండానే తారులా జిగటగా, కంపుకొడుతూ నల్లగా వస్తే మాత్రం అది రక్తం, వెంటనే ఆసుపత్రికి. బరువు తగ్గడం, ముద్ద దిగకపోవడం, రక్తహీనత ఉంటే ఈ టెస్టుల కోసం ఆగకుండా ఎండోస్కోపీయే.

మారతహళ్లి పీజీ:
అవేవీ లేవండి. ల్యాబ్‌కి రెండు వారాల తర్వాత వస్తామని చెప్పేశాం. కోర్సు అయ్యాక మళ్లీ టెస్టు కావాలా?

గ్యాస్ట్రో వార్డు:
తప్పకుండా. మంట తగ్గిందని వదిలేస్తే క్రిమి పోయిందో లేదో తెలీదు. ఆఖరి యాంటీబయాటిక్ అయ్యాక కనీసం 4 వారాలు ఆగి, అప్పుడూ ప్రజోల్ 2 వారాలు మానేసి, మళ్లీ స్టూల్ యాంటిజెన్ గానీ బ్రెత్ టెస్టు (ఊపిరి ఊదించి చూసేది) గానీ.

మందులషాపు:
శాంపిల్ బఠాణీ గింజంత చాలు. కమోడ్ నీళ్లు, మూత్రం కలవకూడదు. వెంటనే ఇవ్వలేకపోతే డబ్బా ఫ్రిజ్‌లో పెట్టాలి. పీజీ ఫ్రిజ్ అయితే రెండు కవర్లు చుట్టి, పైన పెద్ద అక్షరాలతో రాయండి. ఊరినుంచి వచ్చిన పచ్చడి అనుకుని మూత తీసేవాళ్లు ఉంటారు.